పెట్లుప్పు

ఒకే వస్తువునకు పలుచోట్ల పలు పేర్లున్నచో, ఆ పేర్లు పెట్టినవారు దానియందేమి చూచిరో ఆ పేర్లే తెలుపును. తెల్లగా, సన్నని పుల్లలవలె గడ్డకట్టి, నాలుకకు తాకించినంతనే చల్లగా తోచు ఉప్పు ఒకటి కలదు. దానిని మన పెద్దలు పెట్లుప్పు అనిరి. సురేకారమనియు పిలిచిరి. ఆంగ్లేయులు సాల్ట్‌పీటర్ అనిరి. రసాయన శాస్త్రజ్ఞులు పొటాషియం నైట్రేటు అందురు. ఇది వంటయింటి ఉప్పు కాదు. అయినను వంటయింటి పొయ్యికిని, పశువుల కొట్టమునకును, రాజుల ఆయుధాగారమునకును దీనితో సంబంధము కలదు. ఈ ఉప్పు ఎచ్చట పుట్టినది, ఎవరి చేతులమీదుగా నడచినది, ఎవరిని పాలించినది అను విషయములను కొంత విచారింతము.

మొదట పేర్లను చూతము. పెట్లుట యనగా ప్రేలుట. కావున పెట్లుప్పు అనగా ప్రేలుడు మందులోనికి పోవు ఉప్పు. తమిళులు దీనిని వెడియుప్పు అందురు. అర్థమదియే. దక్షిణదేశమువారు ఈ వస్తువు యొక్క పనిని చూచి పేరు పెట్టిరి. సాల్ట్‌పీటర్ అను మాట లాటిన్ భాషనుండి వచ్చినది. దాని అర్థము రాతి ఉప్పు. రాతిగోడలపైన తెల్లని పొరవలె పూచుచుండుటచే ఐరోపావారు దాని చోటును చూచి పేరు పెట్టిరి. పారసీక భాషలో శూర్ అనగా ఉప్పని దని అర్థము. శోరా అనగా చవిటినేల, ఆ నేలలో పుట్టు ఈ ఉప్పు. ఆ శోరాకు మన క్షార శబ్దము తోడై సురేకారమైనది. అరబ్బులు చైనా మంచు అనియు, పారసీకులు చైనా ఉప్పు అనియు వ్యవహరించిరి. ఈ విద్య తమకు ఏ దిక్కునుండి వచ్చినదో వారు ఆ పేరులోనే చెప్పియుంచిరి.

దీనికి ఆంగ్లములో నైటర్ అను మఱియొక పేరు కలదు. ఆ పేరు కథ మిక్కిలి చిత్రమైనది. ఈజిప్టుదేశమున ఎండిన చెరువుల అడుగున తెల్లని క్షారము దొరకుచుండెడిది. మన చాకలివారు బట్టలుతుకుటకు వాడిన చౌడు వంటిదే అది. ఈజిప్టువారు దానితో శుభ్రత చేసికొనెడివారు; రాజుల కళేబరములు చెడకుండ ఎండబెట్టుటకును వాడెడివారు. వారి భాషలోని ఆ క్షారము పేరు గ్రీకులనోట నిట్రోన్ అయ్యెను, రోమనులనోట నిట్రుమ్ అయ్యెను. అది సోడాయే గాని పెట్లుప్పు కాదు. కాని రెండును నేలనుండి తెల్లగా పూచునవే. మధ్యయుగములలో తుపాకిమందు ప్రాముఖ్యము పెరిగినకొలది ఆ పాత పేరు సోడాను విడిచి పెట్లుప్పును పట్టుకొనెను.

ఆ పేరు అంతటితో ఆగలేదు. గాలిలో అయిదింట నాలుగు పాళ్లుండు వాయువును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోసియే జీవము లేనిది అను అర్థముతో అజోత్ అనెను. 1790లో షప్తాల్ అను మఱియొక ఫ్రెంచి రసాయనికుడు, నైటరును పుట్టించునది గనుక దానికి నైట్రోజన్ అను పేరు పెట్టెను. ఆ మాటను అనుసరించియే తెలుగున నత్రజని అను మాట ఏర్పడెను. సోడియము అను లోహమునకు లాటిన్ భాషలో నేట్రియమ్ అని పేరు. అదియు ఆ ఈజిప్టు క్షారమునుండి వచ్చినదే. మన పాఠశాలలో బాలుడు నత్రజని అని వ్రాయునప్పుడు, వేల సంవత్సరముల క్రిందటి ఈజిప్టు చాకలిసోడా పేరును తనకు తెలియకయే వ్రాయుచున్నాడు.

ఇక ఈ ఉప్పు ఎట్లు పుట్టునో చూతము. జనులును పశువులును చిరకాలము నివసించిన చోట నేలలోనికి పేడ, మూత్రము, చెత్త ఇంకుచుండును. వానియందలి నత్రజని పదార్థములను నేలలోని సూక్ష్మజీవులు క్రమముగా నైట్రేటులుగా మార్చును. ఇది సూక్ష్మజీవుల పని యని ష్లోజింగ్, మ్యూన్ట్జ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1877లో నిరూపించిరి. పొయ్యిలోని కట్టెల బూడిదనుండి పొటాషియము వచ్చి చేరును. వానకు ఈ లవణము నేలలో కరగును. వాన వెలిసి ఎండ కాయగా తేమతోపాటు పైకి వచ్చి, పాత మట్టిగోడల మొదళ్లయందును కొట్టముల నేలపైనను నూగువలె కనబడును. అనగా ఈ ఉప్పు గనులలో పుట్టినది కాదు. సంసారములు సాగిన చోట పుట్టినది.

అయితే అందులో ఉప్పు, సున్నము, మన్ను కలిసియుండును. దానిని వేఱుచేయుటకు ప్రకృతియే ఒక ఉపాయమును కల్పించినది. నూరుపాళ్ల చల్లని నీటిలో, అనగా సున్న డిగ్రీలయొద్ద, పెట్లుప్పు సుమారు 13 పాళ్లే కరగును. అదే మరుగుచున్న నీటిలో 240 పాళ్లకు పైగా కరగును. వంటయింటి ఉప్పు మాత్రము చల్లనినీటిలో 36 పాళ్లు, మరుగునీటిలో 39 పాళ్లు. అనగా వేడిమికి దానిలో మార్పు స్వల్పము. కావున మట్టినుండి తీసిన నీటిని కాచినచో మొదట మామూలు ఉప్పు అడుగున పేరును. మిగిలిన నీటిని చల్లార్చినచో పెట్లుప్పు పుల్లలు కట్టును. ఈ లెక్కలు తెలియకున్నను ఈ పని తెలిసినవారు మనదేశమున తరతరములుగా నుండిరి.

బీహారులో వారిని నునియాలందురు. వర్షములు వెళ్లినపిమ్మట వారు గ్రామములలో తిరిగి, గోడల ప్రక్కను కొట్టములయందును తెల్లబారిన మట్టిని గీకి తెచ్చెడివారు. మట్టితో తొట్టివలె కట్టి, అడుగున వెదురుబద్దలును గడ్డియు పఱచి, ఆ మట్టిని బూడిదతో కలిపి నింపి, పైనుండి నీరు పోసెడివారు. అడుగున గోధుమరంగు నీరు బొట్టుబొట్టుగా దిగెడిది. దానిని కాచి చల్లార్చగా ముడి సురేకారము వచ్చెడిది. దానిని మరల కరగించి పేరుకొనజేయగా వచ్చిన శుద్ధమైన దానికి కల్మీ శోరా అని పేరు. మట్టిని నాలుకకు తాకించి అందులో సారమెంతయున్నదో చెప్పగల నేర్పు వారికుండెడిది.

ఈ ఉప్పునకు ఇంత గిరాకి ఎందుకు కలిగినది? బొగ్గు, గంధకము కాలుటకు గాలిలోని ఆమ్లజని కావలెను. మూసిన గొట్టములో గాలి యెక్కడిది? పెట్లుప్పు తనలోని ఆమ్లజనిని వేడికి విడిచిపెట్టును. కావున అది కలిసినచో బొగ్గును గంధకమును క్షణములో మండి, వాయువులై, గుండును ముందునకు త్రోయును. తుపాకిమందులో ఇంచుమించు మూడువంతులు పెట్లుప్పే. చైనావారు తొమ్మిదవ శతాబ్దినాటికి ఈ రహస్యమును గ్రహించిరి. 1044లో అచ్చట వెలువడిన యుద్ధతంత్ర గ్రంథమొకదానిలో మందు పాళ్లు చెప్పబడియున్నవి. అచ్చటనుండి పశ్చిమాసియాకును ఐరోపాకును ఈ విద్య ప్రాకెను. బొగ్గు ఎక్కడనైనను దొరకును. గంధకము అగ్నిపర్వతముల చెంత దొరకును. కొరత పడునది పెట్లుప్పు ఒక్కటే.

మనదేశమున అగ్నికి తోడ్పడు ఈ ఉప్పునే చల్లదనమునకును వాడిరి. నీటిలో కరగునప్పుడు ఇది చుట్టుప్రక్కల వేడిని పీల్చుకొనును. అక్బరుచక్రవర్తి ఆస్థానమున సురేకారపు నీటిలో కూజాలను త్రిప్పి త్రాగునీటిని చల్లార్చెడివారని అబుల్ ఫజల్ తన ఐనీ అక్బరీలో వ్రాసెను. తుపాకులలో నిప్పు పుట్టించు వస్తువుతోనే పాదుషా నీటిని చల్లబఱచెనని ఆ చరిత్రకారుడు విశేషముగా చెప్పుకొనెను.

ఐరోపాలో పరిస్థితి వేఱు. అచ్చటి చల్లని వాతావరణములో ఈ ఉప్పు నెమ్మదిగా పుట్టును, యుద్ధములా యెడతెగనివి. ఇంగ్లండులో రాజాజ్ఞ పొందిన పెట్లుప్పువాండ్రు గుఱ్ఱపుశాలలు, పావురాల గూండ్లు, తుదకు కాపురముండు ఇండ్ల నేలలు కూడ త్రవ్వి మట్టిని పట్టుకొనిపోవుచుండిరి. గృహస్థు కాదనుటకు వీలులేదు. 1626లో మొదటి ఛార్లెస్ రాజు ప్రజలు తమ మూత్రమును కూడ దాచి ఈయవలెనని ప్రకటించెను. ఈ త్రవ్వకముల బాధ ప్రజల ముఖ్య ఫిర్యాదులలో నొకటి యయ్యెను. తుదకు 1656లో యజమాని అనుమతి లేనిదే త్రవ్వరాదని శాసనమేర్పడెను. మఱి పిరంగులకు మందు ఎచ్చటనుండి వచ్చును? దానికి సమాధానము బీహారులో దొరకెను. ఆంగ్లేయుని ఇంటి నేల బ్రతికినది. నునియా గీకుచున్న నేలపై భారము పెరిగినది.

ఈ వర్తకమునకు మన తీరము కూడ ద్వారమైనది. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను మచిలీపట్టణమున వర్తకము ప్రారంభించిరి. వారు వచ్చినది అద్దకపు బట్టలకొఱకే అయినను, కోరమండల తీరమున దొరకిన పెట్లుప్పును కూడ డచ్చివారు కొనిరి. పులికాటులోని తమ గెల్డ్రియా కోటలో తుపాకిమందు తయారుచేయించిరి. కాని గంగాతీరమున, పట్నా చుట్టును దొరకిన సరకు వాసిలోను రాశిలోను మిన్న. అచ్చట జనసమ్మర్దము, పశుసంపద, వానవెంట ఎండ, సరకు దింపుటకు మహానది అన్నియు కలిసివచ్చెను. పడవలపై హుగ్లీకి దిగిన బస్తాలు ఓడల అడుగుభాగమున బరువుగా వేయబడి, వానిపై బట్టలు మొదలగు తేలిక సరకులు సర్దబడెడివి. 1693లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీకిచ్చిన రాజపత్రములో, ఏటేట 500 టన్నుల పెట్లుప్పును ప్రభుత్వమునకు అమ్మవలెనను నిబంధన చేర్చబడెను. అనగా ఒక వర్తక సంఘము ఒక రాజ్యపు యుద్ధబలమునకు ఆధారమైనది.

1757లో ప్లాసీయుద్ధము జరిగెను. మరుసటి సంవత్సరముననే, 1758లో, క్లైవు మీర్ జాఫరు నవాబునుండి బీహారు పెట్లుప్పుపై సర్వహక్కులను కంపెనీకి సంపాదించెను. అటుపిమ్మట డచ్చివారైనను ఫ్రెంచివారైనను ఆంగ్లేయుల దయపై ఆధారపడవలసినవారైరి. దివానీ 1765లో వచ్చినదని మనము చరిత్రలో చదువుకొనుచున్నాము. దానికి ఏడేండ్లముందే గోడమీది ఉప్పు వారి చేతికి చిక్కినదనుట గమనింపదగినది. కొనువాడు ఒక్కడే అయినప్పుడు ధర నిర్ణయించువాడును వాడే. ముందుగా కొంత సొమ్ము చేతబెట్టి, ఆ బాకీతో పనివానిని కట్టివేయుట ఈ వర్తకమునందలి పద్ధతి.

మార్గము మూసికొనిపోయిన ఫ్రాన్సు తన ఇంటివైపే చూడవలసివచ్చెను. 1775లో అచ్చటి ప్రభుత్వము తుపాకిమందు వ్యవహారమును లవోసియేకు మఱి కొందఱికిని అప్పగించెను. ఆ మహాశాస్త్రజ్ఞుడు తయారీ పద్ధతులను చక్కబఱచి, కొరతను చాలవఱకు తీర్చెను. విప్లవకాలమున 1793, 94 సంవత్సరములలో పౌరులు తమ నేలమాళిగల మట్టిని తామే త్రవ్వి దేశమునకర్పించిరి. ఆ 1794 మేనెల 8వ తేదీననే విప్లవప్రభుత్వము లవోసియే శిరస్సును ఖండింపించెను.

బీహారు ఉప్పు బలము 1861లో మఱియొకసారి బయటపడెను. అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండగా, ఉత్తరరాష్ట్రముల ప్రభుత్వము పక్షమున లామట్ డ్యుపాంట్ అను నాతడు రహస్యముగా లండనుకు పోయి, దొరకిన భారతదేశపు పెట్లుప్పునంతయు కొనెను. అదే సమయమున ట్రెంట్ అను బ్రిటిషు ఓడపైనుండి దక్షిణరాష్ట్రముల రాయబారులిద్దఱిని ఉత్తరరాష్ట్రములవారు పట్టుకొనిపోయిన వార్త వచ్చెను. ఆగ్రహించిన బ్రిటిషు ప్రభుత్వము పెట్లుప్పు ఎగుమతిని నిలిపివేసెను. రాయబారులను విడిచిపెట్టిన పిమ్మటనే సరకు కదలెను. రెండు మహారాజ్యముల తగవు తీరుటలో బీహారు పల్లెల మట్టి కూడ ఒక తూనికరాయి యైనది. ఆ మట్టి గీకినవానికి ఈ సంగతి తెలిసియుండదు.

తరువాత దీని వైభవము తగ్గసాగెను. దక్షిణ అమెరికాలోని అటకామా ఎడారిలో సోడియం నైట్రేటు కొండలవలె దొరకెను. దానిని జర్మనీలోని పొటాషియం క్లోరైడుతో కలిపి పెట్లుప్పును యంత్రశాలలలోనే చేయసాగిరి. 1884లో ఫ్రాన్సున వియెయి పొగలేని తుపాకిమందును కనిపెట్టెను. అందు పెట్లుప్పు అవసరము లేదు. 1909లో హేబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయు మార్గమును నిరూపించెను. బాష్ దానిని పెద్దయెత్తున సాధించగా 1913లో ఓపౌ కర్మాగారము పని ప్రారంభించెను. అమ్మోనియానుండి నత్రికామ్లము, దానినుండి కావలసిన నైట్రేటు. ఇక గోడలు గీకవలసిన పనిలేదు.

మఱి గీకినవారేమైరి? వారి కష్టము వర్తకము తగ్గుటతో మాత్రమే వచ్చినది కాదు. పెట్లుప్పు చేయునపుడు మామూలు ఉప్పు కూడ వచ్చునని పైన చెప్పితిమి. ఉప్పుపై పన్ను వేసిన ప్రభుత్వమునకు ఈ మట్టికుండల ఉప్పు కంటిలోని నలుసైనది. లైసెన్సు లేనిదే పని చేయరాదనిరి. తాతముత్తాతల వృత్తి నేరముగా మారినది. చాలమంది మట్టిపనులకును కూలికిని పోయిరి. 1930లో గాంధీమహాత్ముడు దండిలో ఉప్పు తీసినపుడు సముద్రములేని బీహారువారు ఏమి చేయవలెనను ప్రశ్న వచ్చెను. వారికి నునియాల విద్య తోడ్పడినది. సత్యాగ్రహులు ఊరి చవిటిమట్టిని నీటిలో కలిపి వడగట్టి, కాచి, ఉప్పుచేసి శాసనమును ధిక్కరించిరి. రెండువందల ఏండ్లు పరాయివాని పిరంగులకు పనిచేసిన మట్టితొట్టి ఆనాడు స్వరాజ్యము పక్షమున నిలిచెను.

నునియా అను మాట లవణ శబ్దమునుండి వచ్చినదే. మన తెలుగుదేశమున ఉప్పరులనువారు కలరు. వారి పేరులోను ఉప్పే యున్నది. చవిటిమట్టినుండి ఉప్పును పెట్లుప్పును తీయుట వారి పూర్వవృత్తి యని జాతుల చరిత్ర వ్రాసినవారు చెప్పిరి. పిమ్మట చెరువులు త్రవ్వుట, కట్టలు వేయుట, గోడలు పెట్టుట వారి పనియైనది. సముద్రమును త్రవ్విన సగరుల సంతతివారమని వారు చెప్పుకొందురు. బీహారులో నునియాలు మట్టిపనికి దిగినట్లే ఇచ్చటను జరిగినది. మట్టిని ఎఱిగినవానికి మట్టియే దిక్కైనది.

నేడు పెట్లుప్పు ఉపయోగములు వేఱు. దీపావళినాటి చిచ్చుబుడ్డిలోను తారాజువ్వలోను అది ఇంకను పాతపనినే చేయుచున్నది. పొలములో మాత్రము అది మొక్కకు నత్రజనిని, పొటాషియమును ఒక్కసారిగా అందించు ఎఱువు. మామిడిచెట్లు సమముగా పూతకు వచ్చుటకు లీటరు నీటికి పదిగ్రాముల పొటాషియం నైట్రేటు కలిపి చల్లుట మన రైతులకు తెలిసిన పనియే. పండ్లు జివ్వుమనువారు వాడు దంతలేపనములలో నూటికి అయిదుపాళ్లు ఇదియే యుండును. కరగిన పెట్లుప్పులో గాజుపలకను ముంచినచో గాజులోని సోడియము బయటికి వచ్చి, దానిచోట పెద్దదైన పొటాషియము ఇఱుకుకొని గాజు గట్టిపడును. చేతి టెలిఫోనుల అద్దములు అట్లు తయారగునవే. సూర్యరశ్మితో విద్యుత్తు తీయు కొన్ని కేంద్రములలో పగటి వేడిని రాత్రికి దాచుటకు నూటికి 40 పాళ్లు పెట్లుప్పు, 60 పాళ్లు సోడియం నైట్రేటు కలిపి కరగించి వాడుదురు.

ఇన్ని పేర్లను చూచితిమి. ఒకరు దాని చోటును చెప్పిరి. ఒకరు వచ్చిన దేశమును చెప్పిరి. మనవారు దాని పనిని చెప్పిరి. దానిని తీసిన మనిషి పేరు మాత్రము ఏ పేరులోను లేదు. తిరిగి చూచినచో, మనిషి దానికి తన పేరు పెట్టలేదు గాని అదియే మనిషికి తన పేరు పెట్టినది. నునియా, ఉప్పరి అనునవి కులనామములుగా మాత్రమే మన చెవిని పడుచున్నవి. అవి ఒకప్పటి రసాయన విద్య యొక్క పేర్లు. పాతగోడ మొదట తెల్లని నూగు కనబడినపుడు దానిని చీపురుతో ఊడ్చివేయుదుము. ఊడ్చుటకు ముందు ఒక్క నిమిషము దానివంక చూచుట ఆ విద్యకు మనమీయగల కనీస మర్యాద.